ప్రణాళిక సవరణ పూర్తయ్యేలోగా... నగర భూవినియోగంపై తాత్కాలిక నియంత్రణలు
జంట జలాశయాల పరీవాహక ప్రాంతం నేర్పిన పాఠాలు

నగరానికి బృహత్ ప్రణాళికను రూపొందించడం గాని, అమలులో ఉన్న ప్రణాళికను సవరించడం గాని నెలల వ్యవధిలో ముగిసే పని కాదు. క్షేత్రస్థాయి సర్వే, జనాభా అంచనాలు, ముసాయిదా పటాలు, ప్రజల నుంచి అభ్యంతరాలు, సూచనల స్వీకరణ, వాటి పరిశీలన, ప్రభుత్వ ఆమోదం, గెజెట్‌లో ప్రచురణ అనే దశలన్నీ దాటడానికి సంవత్సరాలు పడుతుంది. ఈలోగా భూమి క్రయవిక్రయాలు ఆగవు, లేఅవుట్లు ఆగవు, నిర్మాణాలు ఆగవు. కొత్త నియమాలు అమలులోకి వచ్చే నాటికి, ఏ స్థలాన్ని కాపాడాలని ఆ నియమాలను తలపెట్టారో ఆ స్థలంలోనే కట్టడాలు వెలసి ఉంటే ప్రణాళిక కాగితానికే పరిమితమవుతుంది.

ఈ పరిస్థితిని నివారించేందుకు ప్రభుత్వాలు, నగరాభివృద్ధి సంస్థలు అనుసరించే మార్గమే భూవినియోగంపై తాత్కాలిక నియంత్రణ. ప్రణాళిక ఖరారయ్యే వరకు నిర్దిష్ట ప్రాంతంలో నిర్దిష్టమైన కార్యకలాపాలను నిలిపివేయడం లేదా పరిమితం చేయడం దీని ఉద్దేశం. ఇది ఉపయోగకరమైన సాధనమే గాని, భూయజమానుల హక్కులపై నేరుగా ప్రభావం చూపే సాధనం కూడా. తాత్కాలికంగా మొదలైన నియంత్రణ దశాబ్దాల పాటు కొనసాగిన సందర్భాలూ, మినహాయింపుల వల్ల బలహీనపడిన సందర్భాలూ ఉన్నాయి. హైదరాబాద్ నగరానికి పశ్చిమాన ఉన్న ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతంలో విధించిన నియంత్రణల చరిత్రలో ఈ రెండు కోణాలూ కనిపిస్తాయి. దేశంలోనూ, ఇతర దేశాలలోనూ ఉన్న అనుభవాలతో పాటు దానిని పరిశీలించడం పాత్రికేయులకు, అధికారులకు ఉపయుక్తంగా ఉంటుంది.

నియంత్రణల రూపాలు

తాత్కాలిక నియంత్రణ అనగానే నిర్మాణాలపై సంపూర్ణ నిషేధమని భావించడం పరిపాటి. వాస్తవానికి ఇవి అనేక రూపాలలో ఉంటాయి. మొదటిది, నిర్ణీత ప్రాంతంలో కొత్త అనుమతులన్నింటినీ నిలిపివేయడం. రెండవది, కాలుష్య పరిశ్రమలు, భారీ హోటళ్లు వంటి కొన్ని రకాల వినియోగాలను మాత్రమే నిషేధించడం. మూడవది, నిర్మాణాన్ని అనుమతిస్తూనే అంతస్తుల సంఖ్యనో, మొత్తం నిర్మిత వైశాల్యాన్నో తగ్గించడం. నాలుగవది, వ్యవసాయ భూమిని నివాస లేదా వాణిజ్య వినియోగానికి మార్చే దరఖాస్తులను పక్కన పెట్టడం. ఐదవది, ఏ పనినీ నిషేధించకుండా, ప్రతి దరఖాస్తునూ అదనపు పరిశీలనకు పంపడం.

వీటిలో ఏ రూపాన్ని ఎంచుకోవాలనేది రక్షించదలచిన ప్రయోజనంపై ఆధారపడి ఉంటుంది. చెరువులోకి నీరు చేరే దారిని కాపాడవలసి వస్తే అంతస్తుల పరిమితి ఒక్కటే చాలదు. రహదారి విస్తరణకు స్థలం మిగల్చవలసి వస్తే ఊరంతటినీ నిషేధ పరిధిలోకి తేవలసిన అవసరం లేదు. అవసరానికి మించిన నియంత్రణ ప్రజల సహకారాన్ని కోల్పోతుంది. అవసరానికి తగ్గిన నియంత్రణ ప్రయోజనాన్నే కోల్పోతుంది.

ఒక విషయం ప్రత్యేకంగా గమనించదగినది. నియమాలు మారబోతున్నాయన్న వార్త వెలువడగానే పాత నియమాల కింద అనుమతులు పొందేందుకు దరఖాస్తులు వెల్లువెత్తుతాయి. అందువల్లనే తాత్కాలిక నియంత్రణలను చాలా చోట్ల ముందస్తు చర్చ లేకుండా తక్షణమే అమలులోకి తెస్తారు. అభ్యంతరాలను ఆలకించే అవకాశం ఆ తరువాతనే లభిస్తుంది. కాబట్టి తరువాత జరిగే విచారణ ఎంత నిజాయితీగా సాగితే నియంత్రణకు అంత న్యాయబద్ధత సమకూరుతుంది.

చట్టంలో ఉన్న స్థానం

పట్టణ ప్రణాళికా చట్టాలలో ఈ మధ్యకాలానికి సంబంధించిన ఏర్పాట్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఇంగ్లాండులో 1932 నాటి చట్టం ప్రకారం, పథకం తయారీ దశలో ఉండగా అనుమతి లేకుండా కట్టుకునేవారు ఆ నష్టభయాన్ని తామే భరించవలసి ఉండేది. కట్టడం తుది పథకానికి విరుద్ధమైతే పరిహారం లేకుండా తొలగించే వీలుండేది. 1943లో ప్రత్యేకంగా మధ్యంతర అభివృద్ధి చట్టాన్ని తెచ్చి, అంతవరకు ఏ పథకం పరిధిలోనూ లేని భూములను సైతం నియంత్రణ కిందికి తీసుకువచ్చారు. 1947లో సమగ్ర చట్టం రావడంతో ఆ ఏర్పాటు స్థానంలో శాశ్వత విధానం నెలకొంది.

మన దేశంలో 1966 నాటి మహారాష్ట్ర ప్రాంతీయ, పట్టణ ప్రణాళికా చట్టం దీనికి మంచి ఉదాహరణ. అభివృద్ధి ప్రణాళికను తయారు చేయాలన్న సంకల్పాన్ని ప్రకటించిన తేదీ నుంచే, ప్రణాళికా సంస్థ అనుమతి లేకుండా ఆ ప్రాంతంలో భూవినియోగం మార్చడానికి, అభివృద్ధి చేపట్టడానికి వీలులేదని ఆ చట్టం చెబుతుంది. దరఖాస్తులను పరిశీలించేటప్పుడు అమలులో ఉన్న ప్రణాళికతో పాటు ముసాయిదాను కూడా దృష్టిలో ఉంచుకోవాలని నిర్దేశిస్తుంది. అంటే ముసాయిదా ఖరారు కాకముందే దానికి కొంత బలం చేకూరుతుంది.

జంట జలాశయాలు: పూర్వరంగం

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరదలో హైదరాబాద్ నగరం తీవ్రంగా దెబ్బతిన్నది. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. ఆ మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరానికి ఎగువన జలాశయాలు నిర్మించి వరద నీటిని నిలువరించాలని సూచించారు. ఆ సూచన ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. గండిపేట చెరువుగా ప్రజలకు సుపరిచితమైన ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటిమట్టం 1,790 అడుగులు. హిమాయత్‌సాగర్ పూర్తి నీటిమట్టం 1,763.50 అడుగులు. వరద నివారణ కోసం తలపెట్టిన ఈ రెండు జలాశయాలే దశాబ్దాల పాటు నగరానికి ప్రధాన మంచినీటి వనరులుగా నిలిచాయి.

జలాశయమంటే కట్టకు, నీటి అంచుకు మధ్య ఉన్న ప్రదేశం మాత్రమే కాదు. ఎగువన పడిన వాన పొలాల మీదుగా, కుంటల మీదుగా, వాగుల ద్వారా ప్రవహించి చెరువును చేరుతుంది. ఈ మార్గంలో లేఅవుట్ రహదారి వాగుకు అడ్డుగా వేసినా, కుంటను పూడ్చినా, ప్రహరీ గోడ కట్టినా ఆ మేరకు నీటి రాక తగ్గుతుంది. కాలనీల మురుగునీరు, పరిశ్రమల వ్యర్థజలాలు అదే వాగులో కలిస్తే నీటి నాణ్యత దెబ్బతింటుంది. పూర్తి నీటిమట్టం లోపల ఆక్రమణలను నిరోధించినంత మాత్రాన జలాశయాన్ని రక్షించినట్లు కాదని నిపుణులు చెప్పడానికి కారణమిదే.

తొలి ఉత్తర్వు, మలి ఉత్తర్వు

నగరం పడమటి దిశగా విస్తరిస్తున్న దశలో హైదరాబాద్ మహానగర మంచినీటి సరఫరా, మురుగునీటి పారుదల బోర్డు ఈ అంశంపై నిపుణుల సంఘాన్ని నియమించింది. ఆ సంఘం సమర్పించిన మధ్యంతర నివేదిక ఆధారంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1994 మార్చి 31న జీవో 192ను జారీ చేసింది. జలాశయాలకు 10 కిలోమీటర్ల పరిధిలో వివిధ రకాల అభివృద్ధి కార్యకలాపాలను ఆ ఉత్తర్వు నిషేధించింది. నిపుణుల తుది అభిప్రాయం వచ్చే వరకు వేచి ఉండకుండా, మధ్యంతర నివేదిక దశలోనే నిషేధం విధించడం ఇందులో గమనార్హమైన అంశం.

రెండేళ్ల తరువాత, 1996 మార్చి 8న వెలువడిన జీవో 111 ఈ నియంత్రణలకు స్పష్టమైన రూపమిచ్చింది. జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల వరకు గల పరీవాహక ప్రాంతంలో కాలుష్యకారక పరిశ్రమలు, భారీ హోటళ్లు, నివాస కాలనీలు, కాలుష్యానికి కారణమయ్యే ఇతర సంస్థల ఏర్పాటును నిషేధించింది. అనుబంధంలో 84 గ్రామాలను పేర్కొంది. మొయినాబాద్, శంషాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి తదితర మండలాలలో విస్తరించిన ఈ గ్రామాల మొత్తం విస్తీర్ణం సుమారు 1.32 లక్షల ఎకరాలు.

నివాస వినియోగానికి కేటాయించిన మండలాలలో ఇళ్ల నిర్మాణాన్ని ఆ ఉత్తర్వు పూర్తిగా నిషేధించలేదు. అయితే కొత్త లేఅవుట్లలో మొత్తం విస్తీర్ణంలో 60 శాతాన్ని ఖాళీ స్థలాలకు, రహదారులకు విడిచిపెట్టాలని నిర్దేశించింది. అంటే 10 ఎకరాల లేఅవుట్‌లో ప్లాట్లకు మిగిలేది 4 ఎకరాలే. నిర్మిత వైశాల్యాన్ని స్థల వైశాల్యంలో సగానికి పరిమితం చేసింది. 1,000 చదరపు గజాల స్థలంలో అన్ని అంతస్తులూ కలిపి 500 చదరపు గజాలకు మించి నిర్మించరాదు. ప్రాంతంలో 90 శాతం భూమిని వ్యవసాయం, ఉద్యానవనాలు, పూలతోటలతో కూడిన పరిరక్షణ, వినోద వినియోగానికే ఉంచాలని కూడా ఉత్తర్వు సూచించింది.

ఈ 10 కిలోమీటర్ల పరిధిని, భవన నిర్మాణ నియమావళిలో చెరువులకు నిర్దేశించిన రక్షణ దూరాన్ని ఒకటిగా భావించరాదు. 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన విస్తీర్ణం గల చెరువులకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్లు ఖాళీగా విడిచిపెట్టాలి. ఇది చెరువు అంచును కాపాడే నియమం. జీవో 111 పరీవాహక ప్రాంతాన్ని కాపాడేందుకు ఉద్దేశించినది. రెండింటి స్వభావం, పరిధి వేర్వేరు.

మినహాయింపుపై సుప్రీంకోర్టు తీర్పు

నియంత్రణ విధించడం కన్నా దానిని నిలుపుకోవడం కష్టమని కొద్దికాలంలోనే రుజువైంది. శంషాబాద్ మండలంలోని పెద్దషాపూర్ పరిసరాలలో ఆముదం నూనె ఉత్పన్నాలను తయారు చేసే పరిశ్రమ ఏర్పాటుకు ఒక కంపెనీ భూమిని కొనుగోలు చేసింది. ఆ ప్రదేశం 10 కిలోమీటర్ల పరిధిలో ఉన్నప్పటికీ, జీవో 111 నుంచి మినహాయిస్తూ 1997 జులై 3న ప్రభుత్వం ఉత్తర్వు జారీ చేసింది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించడంతో వివాదం అప్పిలేట్ అధికార సంస్థ, హైకోర్టుల మీదుగా సుప్రీంకోర్టుకు చేరింది.

ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, ప్రొఫెసర్ ఎం.వి.నాయుడు మధ్య నడిచిన వ్యాజ్యంగా ప్రసిద్ధి చెందిన ఈ కేసులో సుప్రీంకోర్టు 1999 జనవరి 27న, 2000 డిసెంబరు 1న తీర్పులు వెలువరించింది. శాస్త్రీయ అంశాలపై హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ముంబయిలోని రసాయన సాంకేతిక విభాగం తదితర సంస్థల నివేదికలను పరిశీలించింది. లక్షలాది ప్రజలకు మంచినీరందించే జలాశయాల రక్షణకు విధించిన నిషేధం నుంచి ఒక్క పరిశ్రమకు మినహాయింపు ఇవ్వడం చెల్లదని తుది తీర్పులో స్పష్టం చేసింది. కాలుష్యం జరుగుతుందని రుజువయ్యే వరకు వేచి ఉండనవసరం లేదని, హాని జరగదని నిరూపించే బాధ్యత పరిశ్రమను స్థాపించదలచినవారిపైనే ఉంటుందన్న ముందు జాగ్రత్త సూత్రాన్ని ఈ కేసులో అన్వయించింది. రక్షిత మంచినీరు జీవించే హక్కులో భాగమని కూడా పేర్కొంది.

ఈ తీర్పు నుంచి గ్రహించవలసిన పాలనాపరమైన పాఠం ఒకటున్నది. సాధారణ నియంత్రణ విధించి, వ్యక్తిగత ఉత్తర్వులతో సడలింపులిస్తే ఆ నియంత్రణకు గల హేతుబద్ధతే ప్రశ్నార్థకమవుతుంది. మినహాయింపులు అనివార్యమని భావిస్తే వాటికి వర్తించే ప్రమాణాలను మూల ఉత్తర్వులోనే అందరికీ సమానంగా పొందుపరచాలి.

ఢిల్లీ అనుభవం: ఒక నగరం, రెండు సందర్భాలు

తాత్కాలిక నియంత్రణ శాశ్వత ప్రణాళికకు విజయవంతంగా దారితీసిన ఉదాహరణగా ఢిల్లీని పేర్కొనవచ్చు. దేశ విభజన అనంతరం శరణార్థుల రాకతో నగరం అస్తవ్యస్తంగా విస్తరించింది. 1955లో కేంద్ర ప్రభుత్వం నిర్మాణ కార్యకలాపాల నియంత్రణకు ఆర్డినెన్సు జారీ చేసి, తరువాత దానిని చట్టంగా మార్చింది. పేరులోనే తాత్కాలికమన్న పదం గల ఢిల్లీ అభివృద్ధి తాత్కాలిక అథారిటీని నెలకొల్పింది. అదే శీతకాలంలో యమునా నీటిలో మురుగు కలవడంతో నగరంలో కామెర్లు ప్రబలి వేలాదిమంది అస్వస్థులయ్యారు. ప్రణాళిక లేని విస్తరణకు మంచినీటితో గల సంబంధాన్ని ఆ ఉదంతం దేశానికి తెలియజెప్పింది. 1956లో మధ్యంతర సాధారణ ప్రణాళిక సిద్ధమైంది. 1957లో ఢిల్లీ అభివృద్ధి చట్టం, 1962 సెప్టెంబరు 1న తొలి బృహత్ ప్రణాళిక అమలులోకి వచ్చాయి. ఏడేళ్లలో తాత్కాలిక ఏర్పాటు తన పని ముగించుకుని శాశ్వత విధానానికి చోటిచ్చింది.

అదే నగరంలో రెండవ సందర్భం ఇందుకు భిన్నమైనది. నివాస ప్రాంతాలలోని వాణిజ్య వినియోగాలపై 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు సీళ్లు వేసే కార్యక్రమం మొదలు కాగా, బృహత్ ప్రణాళిక సవరణ పూర్తయ్యే వరకు చర్యలను నిలిపివేస్తూ పార్లమెంటు అదే సంవత్సరం ప్రత్యేక నిబంధనల చట్టాన్ని ఆమోదించింది. ఆ చట్టం గడువు ఒక్క సంవత్సరమే. 2021 నాటికి ఉద్దేశించిన బృహత్ ప్రణాళిక 2007 ఫిబ్రవరి 7న వెలువడినప్పటికీ రక్షణ ఆగలేదు. వరుస చట్టాలు, సవరణల ద్వారా పొడిగిస్తూ వచ్చి, 2023 డిసెంబరులో చేసిన సవరణతో గడువును 2026 డిసెంబరు 31 వరకు పెంచారు. ఒక్క ఏడాదికి ఉద్దేశించిన ఏర్పాటు ఆ విధంగా రెండు దశాబ్దాలకు విస్తరించింది. మొదటి సందర్భంలో నిర్మాణాలపై తాత్కాలిక నియంత్రణ, రెండవ సందర్భంలో చర్యలపై తాత్కాలిక విరామం. రూపాలు వేరైనా, ముగింపు తేదీకి కట్టుబడడంలోనే తేడా ఉన్నదని ఈ రెండూ తెలుపుతున్నాయి.

కాలపరిమితి ఎందుకు ముఖ్యం

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర చట్టం ఈ ముగింపు తేదీ విషయంలో కచ్చితంగా వ్యవహరిస్తుంది. అక్కడ నగర పాలకమండలి నాలుగింట ఐదవ వంతు కాదు, ఐదింట నాలుగు వంతుల ఆధిక్యంతో అత్యవసర తాత్కాలిక నియంత్రణను విధించవచ్చు. అది 45 రోజులు మాత్రమే అమలులో ఉంటుంది. ప్రజలకు నోటీసు ఇచ్చి బహిరంగ విచారణ జరిపిన తరువాత 10 నెలల 15 రోజులు, ఆ పైన మరొక సంవత్సరం పొడిగించవచ్చు. మొత్తం రెండేళ్లు దాటడానికి వీలులేదు. గడువు ముగియడానికి 10 రోజుల ముందు, నియంత్రణకు దారితీసిన పరిస్థితిని చక్కదిద్దడానికి తీసుకున్న చర్యలపై పాలకమండలి లిఖితపూర్వక నివేదిక వెలువరించాలి. నియంత్రణ కొనసాగుతున్న కాలంలో అధికారులు చేతులు ముడుచుకుని కూర్చోలేదని ప్రజలకు తెలియజేసే ఏర్పాటిది.

కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దులోని టాహో సరస్సు ఉదంతం జంట జలాశయాల సమస్యకు దగ్గరగా ఉంటుంది. సరస్సు నీటి స్వచ్ఛత తగ్గుతుండడంతో ప్రాంతీయ ప్రణాళికా సంస్థ 1981 నుంచి 1984 వరకు, మొత్తం 32 నెలలు, సున్నిత ప్రాంతాలలో నిర్మాణాలను నిలిపివేసింది. భూయజమానులు దీనిని ఆస్తిని తీసుకోవడంగా పరిగణించి పరిహారం చెల్లించాలని వాదించారు. 2002 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 ఆధిక్యంతో ఆ వాదనను తిరస్కరించింది. తాత్కాలిక విరామం ప్రతిదీ దానంతటదే పరిహారానికి దారితీయదని, ప్రతి కేసును దాని పరిస్థితులను బట్టి చూడాలని పేర్కొంది. అదే తీర్పులో, ఏడాదికి మించిన విరామాలను మరింత నిశితంగా పరిశీలించవలసి రావచ్చునని కూడా వ్యాఖ్యానించింది.

రైతుల ఆవేదనలో న్యాయం

నగరానికి నీరు కావాలి. ఆ నీటిని కాపాడే భారం మాత్రం పరీవాహక గ్రామాలపై పడుతుంది. నిషేధిత పరిధికి ఒక గట్టు అవతల ఉన్న పొలం ధర నగర విస్తరణతో పెరుగుతుంటే, గట్టు ఇవతలి పొలం అదే స్థాయిలో పెరగదు. పిల్లల చదువుకో, వైద్యానికో భూమి అమ్మదలచిన రైతుకు ఈ తేడా కాగితం మీది లెక్క కాదు, కుటుంబ భవిష్యత్తు. 84 గ్రామాల ప్రజాప్రతినిధులు, రైతులు ఏళ్ల తరబడి నిబంధనల తొలగింపును కోరుతూ రావడానికి ఇదే మూలకారణం.

మరోవైపు, నిషేధం ఉన్న చోటనే ఫామ్‌హౌస్‌లు, విద్యాసంస్థల భవనాలు, వివాహ వేదికలు వెలిశాయన్న విమర్శ ఉంది. నిబంధన పాటించిన సన్నకారు రైతు నష్టపోయి, పాటించనివారు లాభపడితే నియంత్రణ పట్ల గౌరవం నిలవదు. అందువల్ల అమలు యంత్రాంగం, పరిహార విధానం లేని నియంత్రణ అసంపూర్ణం. పరిరక్షణ ప్రాంతంలోని భూయజమానికి వేరొక చోట వినియోగించుకోగల లేదా అమ్ముకోగల అభివృద్ధి హక్కులను ఇవ్వడం, పంటల సాగుకు తోడ్పాటు అందించడం, అత్యంత కీలకమైన భూములను ప్రభుత్వమే సేకరించడం వంటి మార్గాలు ఇందుకు ఉన్నాయి. మహారాష్ట్ర చట్టంలో, ప్రజావసరాలకు రిజర్వు చేసిన భూమిని ప్రణాళిక అమలులోకి వచ్చిన 10 సంవత్సరాలలోగా సేకరించకపోతే, యజమాని నోటీసు ఇచ్చి నిర్ణీత గడువు తరువాత రిజర్వేషన్ నుంచి విముక్తి పొందే వీలు కల్పించారు. నిరవధికంగా వేచి ఉండే దుస్థితి యజమానికి రాకూడదన్నదే ఆ నిబంధన సారాంశం.

2022 నాటి ఉత్తర్వు

కాలక్రమంలో మంజీరా, సింగూరు, కృష్ణా, గోదావరి జలాలు నగరానికి చేరాయి. 2022 ఏప్రిల్ 12న తెలంగాణ ప్రభుత్వం జీవో 69ను జారీ చేస్తూ, నగర మంచినీటి అవసరాలలో జంట జలాశయాల వాటా 1.25 శాతం కన్నా తక్కువకు చేరిందని పేర్కొంది. జీవో 111లోని మూడవ పేరాలో గల ఆంక్షలను తొలగించింది. అయితే జలాశయాల నీటి నాణ్యతకు ఎట్టి పరిస్థితులలోనూ భంగం కలగరాదన్న షరతు విధించింది. మురుగునీటి శుద్ధి కేంద్రాలు, కాలువల మళ్లింపు, భూవినియోగ మండలాలు, రహదారులు తదితర అంశాలపై మార్గదర్శకాల రూపకల్పనకు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన కమిటీని నియమించింది. 2023 మే 18న జరిగిన సమావేశంలో జీవో 111ను పూర్తిగా రద్దు చేయాలని మంత్రివర్గం నిర్ణయించినట్లు అప్పటి ప్రభుత్వం ప్రకటించింది.

ఈ క్రమం తాత్కాలిక నియంత్రణల అధ్యయనంలో ఒక మౌలిక ప్రశ్నను ముందుకు తెస్తుంది. 1994లో కొత్త నియమాలు రాకముందే నిషేధం వచ్చింది. 2022లో కొత్త నియమాల రూపకల్పన మొదలైన రోజునే ఆంక్షల తొలగింపు ఉత్తర్వు వచ్చింది. పాత నియమం వైదొలగడానికి, కొత్త నియమం నిలదొక్కుకోవడానికి మధ్య గల కాలం అత్యంత సున్నితమైనది. ఆ కాలంలో ఇచ్చిన అనుమతి ఒక కట్టడంగా మారితే దానిని వెనక్కు తీసుకోవడం దుస్సాధ్యం. మంచినీటి వాటా తగ్గినంత మాత్రాన జలాశయాల ప్రయోజనం తీరిపోలేదని కూడా గుర్తుంచుకోవాలి. 2020 అక్టోబరు భారీ వర్షాలకు హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తవలసి వచ్చింది. 1908 వరద అనంతరం వీటిని తలపెట్టిన మూల ఉద్దేశం వరద నివారణేనన్న వాస్తవాన్ని ఆ వర్షాలు మరొకసారి గుర్తుచేశాయి.

వార్తల్లోనూ, ఉత్తర్వుల్లోనూ పాటించవలసిన స్పష్టత

భూవినియోగ నియంత్రణలకు సంబంధించిన వార్త ఒక్క వాక్యం తప్పితే కొనుగోలుదారులు లక్షల రూపాయలు నష్టపోయే అవకాశం ఉంది. మంత్రివర్గ నిర్ణయం, ప్రభుత్వ ఉత్తర్వు, బృహత్ ప్రణాళిక సవరణ అనేవి మూడు వేర్వేరు దశలు. నిర్ణయం ప్రకటించిన నాడే నియమం మారదు. ఆంక్షను తొలగించే ఉత్తర్వు వెలువడినా, ప్రణాళిక పటంలో ఆ సర్వే నంబరు వ్యవసాయ లేదా పరిరక్షణ మండలంలోనే ఉంటే నివాస లేఅవుట్‌కు అనుమతి లభించదు. పటం మార్పునకు నోటీసు, అభ్యంతరాల స్వీకరణ అనే ప్రక్రియ ఉంటుంది.

అదే విధంగా, ప్లాటు రిజిస్ట్రేషన్ జరిగినంత మాత్రాన నిర్మాణానికి అనుమతి లభించినట్లు కాదు. రిజిస్ట్రేషన్ యాజమాన్య బదిలీకి సంబంధించినది. నిర్మాణ అనుమతి ప్రణాళికా సంస్థకు సంబంధించినది. దరఖాస్తు సమర్పించిన నాటి నియమాలే తమకు వర్తించాలని పలువురు భావిస్తారు. హౌరా నగరపాలక సంస్థకు, గ్యాంజెస్ రోప్ కంపెనీకి మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు, దరఖాస్తు చేసినంత మాత్రాన యజమానికి స్థిరపడిన హక్కు ఏర్పడదని, మంజూరు నాటికి అమలులో ఉన్న నిబంధనలే వర్తిస్తాయని స్పష్టం చేసింది. అయితే చట్టబద్ధంగా అనుమతి పొంది నిర్మాణం ప్రారంభించినవారి విషయం వేరు. వారి పరిస్థితిని ఉత్తర్వులోనే వివరించడం ఉచితం.

ఉత్తర్వులు రూపొందించే అధికారులు కొన్ని అంశాలకు ముందుగానే సమాధానం సిద్ధం చేసుకోవడం మేలు. నియంత్రణ ఏ ప్రయోజనం కోసం? దాని హద్దు ఏ సర్వే నంబర్ల వరకు? ఏయే పనులు నిషిద్ధం, ఏవి అనుమతించదగినవి? పెండింగు దరఖాస్తులను ఏం చేయాలి? అప్పీలు ఎవరికి చేసుకోవాలి? ప్రణాళిక ఎప్పటికి పూర్తవుతుంది, పూర్తికాకపోతే ఏమవుతుంది? గ్రామ పంచాయతీ కార్యాలయంలో తెలుగులో ప్రదర్శించిన ఒక పటం, సర్వే నంబర్ల జాబితా అనేక వదంతులను నివారించగలదు. హద్దు ఎక్కడున్నదో రైతుకు తెలియని చోట ఆ సమాచారం దళారికి పెట్టుబడిగా మారుతుంది.

తాత్కాలిక నియంత్రణ అనేది ప్రజల నుంచి ప్రభుత్వం తీసుకున్న వ్యవధి వంటిది. ఆ వ్యవధిలో శాస్త్రీయ అధ్యయనం పూర్తి చేసి, ప్రజల అభిప్రాయాలు ఆలకించి, న్యాయమైన ప్రణాళికను వెలువరిస్తే నగరానికి నీరు, గ్రామానికి న్యాయం రెండూ దక్కుతాయి. ఆ పని జరగకపోతే నియంత్రణ కొనసాగినా, తొలగినా ఎవరో ఒకరు నష్టపోక తప్పదు. గండిపేట ఎగువ గ్రామాల మూడు దశాబ్దాల అనుభవం ఇందుకు నిదర్శనం. రాష్ట్రంలోని ఇతర పట్టణాలు తమ బృహత్ ప్రణాళికలను సవరించుకునే సమయంలో ఈ అనుభవాన్ని దృష్టిలో ఉంచుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.